ముందు ఆ ఇంటి నీళ్ళు

నేటి వాక్యపఠనం: మత్తయి 10:40–42, లూకా 10:1–9

వేసవి మొదలైతే చాలు, మన సంఘాల్లో చలివేంద్రం మాట వస్తుంది. బస్టాండు పక్కన తాటాకు పందిరి, ఇసుక మీద కుండలు, పైన ఒక బ్యానరు, బ్యానరు మీద మత్తయి సువార్త పదో అధ్యాయం చివరి వచనం. ఎండనపడి వచ్చిన మనిషికి ప్రాణం లేచొచ్చే పని అది, దానికి వంక పెట్టనక్కరలేదు. అయితే ఆ వచనాన్ని బ్యానరు మీంచి దించి, దాని అధ్యాయంలో పెట్టి చదివితే పాత్రలు తారుమారవుతాయి. అక్కడ గిన్నెడు నీళ్ళు ఇస్తున్నది శిష్యుడు కాదు. శిష్యుడు పుచ్చుకుంటున్నాడు. పన్నెండుమందినీ ఊళ్ళమీదికి పంపుతూ యేసు చెప్పిన మాటల్లో ఆఖరిది అది. డబ్బు వద్దు, సంచి వద్దు, రెండో అంగీ వద్దు అని పంపాడు కాబట్టి ఊరు చేరేసరికి వాళ్ళకి దాహం వేస్తుంది, ఆకలి వేస్తుంది. ఆ పూట తలుపు తీసి నీళ్ళిచ్చిన ఇంటికి ఫలం పోదని ఆయన మాట ఇచ్చాడు. బహుమానం ఆ ఇంటి ఇల్లాలిది. పుచ్చుకున్నవాడికి బహుమానం ఊసే లేదు.

ఇచ్చే చేతులు మనవేనని ఎంత తేలిగ్గా అనేసుకుంటామో!

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళకి సీఎస్‌పీ అనే మాట కొత్త కాదు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 2020-21 నుంచి వచ్చిన సిలబస్‌లో ఇది తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. పిల్లలు దగ్గర్లోని పల్లెనో వార్డునో పేటనో తీసుకుని అక్కడికి వెళ్ళాలి. మొదట ఇళ్ళు తిరిగి సర్వే, ఆపైన అవగాహన కార్యక్రమాలు, ఏదో ఒక సమస్య మీద పని, చివర రిపోర్టు. రోజూ లాగ్‌బుక్ రాయాలి. ఆ రోజు చేసిన పని ఒక గడి, నేర్చుకున్నది ఒక గడి, పక్కన సంతకం. స్నేహితుడి పుస్తకం చూసి ఇంట్లో కూర్చునే నింపేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళ సంగతి వాళ్ళ మేష్టర్లు చూసుకుంటారు. నిజంగా చెప్పులరిగేలా తిరిగే పిల్లల గురించి ఈ పూట ఆలోచిద్దాం.

మా సంఘంలో క్వయర్‌లో పాడే ఒక అమ్మాయి బీకాం చదువుతోంది. పుట్టి పెరిగింది విజయవాడలోనే, పటమట వైపు. ఆమెకి పడ్డ చోటు కొండ. విజయవాడ ఎరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు: మొగల్రాజపురం, గుణదల, క్రీస్తురాజపురం, చిట్టినగర్, వించిపేట… ఊరి నడుమ కొండలు, వాటి మీదికి ఒక ఇంటి నెత్తిన ఒక ఇల్లుగా బతుకులు. కింద రోడ్డున బస్సులో పోయేవాళ్ళకి రంగురంగుల గోడలు కనిపిస్తాయి. మెట్లు కనిపించవు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద విరిగిపడి మనుషులు పోయారు. అయ్యో అనుకున్నాం. మర్నాటికల్లా బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది, అందరి చూపూ అటు తిరిగింది. ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే చోట, తాను పుట్టిన ఊళ్ళోనే, తనకి దారి తెలియని పేట ఒకటుందని ఆ అమ్మాయి సర్వే కాగితాలు చేతికొచ్చాకే గమనించింది.

బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ చెప్పిన జాగ్రత్త ఒకటే: “అక్కడెక్కడా నీళ్ళు తాగకే. బ్యాగులో బాటిల్ పెట్టాను.”

ఆ తల్లిని తప్పుపట్టలేం. కామెర్లు, టైఫాయిడ్ నీళ్ళ దారినే వస్తాయి. పరీక్షల ముందు పిల్ల మంచాన పడితే చూసుకోవాల్సింది ఆవిడే. తర్వాత ఏం జరిగిందో అమ్మాయే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాతో చెప్పింది.

పై వరసలో ఒక ఇల్లు. మామ్మగారు గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మెట్లెక్కి వచ్చిన పిల్లని చూసి, “గసపోస్తన్నావేమ్మా, కూకో. మంచినీళ్ళు తాగు,” అంది. “వద్దండీ, నా దగ్గరున్నాయి,” అని పిల్ల బాటిల్ చూపించింది. మామ్మగారు మళ్ళీ అనలేదు. ఫారంలో ఉన్నవి అడిగితే చెప్పింది. ఇంట్లో ఎందరు, నెలకెంత వస్తుంది, రేషన్ కార్డుందా, మరుగుదొడ్డి ఉందా, అప్పులెన్ని. అన్నిటికీ పొడి పొడి జవాబులే. తాగునీరు అన్నచోట ‘మున్సిపల్ కుళాయి’ పక్కన టిక్కు పడింది. పిల్ల తర్వాతి గుమ్మానికి వెళ్ళిపోయింది.

మరోసారి ఆ మెట్లెక్కేటప్పటికి బాటిల్ ఖాళీ. మిట్టమధ్యాహ్నం ఎండ. “మామ్మగారూ, కాసిని మంచినీళ్ళు ఇస్తారా?” మామ్మగారు లోపలికెళ్ళి, కడిగున్న గ్లాసునే ఇంకోసారి కడిగి, బిందె మీద మూత తీసి ముంచి ఇచ్చింది. తాగడం అయ్యేదాకా నిలబడింది. అప్పుడు కూర్చుంది. మాటలు ఆ తర్వాత మొదలయ్యాయి. కుళాయి ఉన్నమాట నిజమే, అది కింది వరసలో. పైకి నీళ్ళెక్కవు. నీళ్ళు వదిలే వేళకి దిగి, వంతు వచ్చేదాకా నిలబడి, బిందె చంకనెత్తుకుని ఎక్కాలి. మామ్మగారికి మోకాళ్ళు పోయాయి, ఇప్పుడు మోసేది మనవరాలు. నీళ్ళు ఆలస్యంగా వదిలిన రోజు ఆ పిల్లకి బడికి ఆలస్యం. వానాకాలంలో నాచు పట్టిన మెట్టు మీద కోడలు జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. వీటిలో ఒక్కటీ ఆ టిక్కులో పట్టలేదు. తాను గటగటా తాగేసిన గ్లాసుడు నీళ్ళు అన్ని మెట్లూ ఒకరి చంకన ఎక్కి వచ్చినవని ఆ అమ్మాయికి అప్పుడు అర్థమైంది.

లూకా పదో అధ్యాయానికి వద్దాం. ఇక్కడ యేసు పంపుతున్నది డెబ్బైమందిని, ఇద్దరిద్దరు చొప్పున. వాళ్ళకి చెప్పిన పనుల వరుస చూడండి. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ ఇంటికి సమాధానం కలగాలని పలకాలి. తర్వాత ఆ ఇంట్లోనే ఉండి, వాళ్ళు పెట్టింది తినాలి, ఇచ్చింది తాగాలి. ఈ తినే సంగతి ఏడో వచనంలో ఒకసారి, ఎనిమిదో వచనంలో మళ్ళీ ఒకసారి చెప్పాడు. ఆ తర్వాతే తొమ్మిదో వచనంలో రోగుల్ని బాగుచేయడం. దేవుని రాజ్యం గురించి నోరు విప్పడం అన్నిటికన్నా చివర.

మన కార్యక్రమాల వరుస దీనికి తిరగేసి ఉంటుంది. ముందు మైకు. తర్వాత పంపకం, ఆపైన ఫొటో. తినడం వ్యాన్ ఎక్కాక, మనం తెచ్చుకున్న పొట్లాలు విప్పుకుని. ఆ పేటవాళ్ళు ఒక టీ కూడా మన చేతికివ్వలేదని మనకి తట్టదు. వాళ్ళకి తడుతుంది.

ఒక చిన్న ముచ్చట. ఇల్లిల్లూ తిరగొద్దని కూడా యేసు అదే చోట చెప్పాడు. సర్వే చేసే పిల్లలకి ఇల్లిల్లూ తిరగడమే పని! ఆయన అన్నది సర్వే గురించి కాదులెండి. దొరికిన ఇంట్లో గంజి పోస్తే, పక్కింట్లో కూర బాగుందట అని మకాం మార్చే బుద్ధి గురించి. అయినా ఆ మాటలో పిల్లలకి పనికొచ్చేది లేకపోలేదు. వంద గుమ్మాల ముందు నిలబడక తప్పకపోవచ్చు. కూర్చునే గుమ్మం ఒక్కటైనా ఉండాలి.

ఆకలీ దాహమూ వెంటబెట్టుకుని పరాయి ఊరు వెళ్ళిన మనిషి పాత నిబంధనలోనూ ఉన్నాడు. ఏలీయా. దేశంలో వాన లేదు. కెరీతు వాగు పక్కన దాక్కుని ఉంటే వాగూ ఎండిపోయింది. అప్పుడు దేవుడు సీదోను దేశంలోని సారెపతుకి వెళ్ళమన్నాడు. ఏలీయా ప్రాణానికి పగబట్టిన యెజెబెలు పుట్టిల్లు ఆ దేశమే, వాళ్ళ నాన్న ఎత్బయలు సీదోనీయుల రాజు. అంత దూరం పంపింది అక్కడ ఒక విధవరాలికి సాయం చేయమని అయితే మనకి సులువుగా అర్థమయ్యేది. కానీ అలా చెప్పలేదు. ఆమె నీకు అన్నం పెడుతుందని చెప్పి పంపాడు. ఊరి గవిని దగ్గర పుల్లలు ఏరుకుంటున్న ఆమెని ప్రవక్త మొట్టమొదట అడిగింది తాగడానికి నీళ్ళు. కరవు రోజుల్లో నీళ్ళు! ఆమె మారుమాట లేకుండా తేవడానికి కదిలింది. రొట్టె కూడా అడిగాక గానీ ఆమె తన సంగతి చెప్పలేదు: తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, అది కాల్చుకుని తిని, కొడుకూ తానూ చావడమే మిగిలిందని. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఆ మనిషి అడుక్కునేవాడిలా రావాల్సి వచ్చింది. దానం చేసేవాడిలా వచ్చి ఉంటే ఆమె పుల్లలు ఏరుకుంటూ అవును, కాదు అని జవాబులు చెప్పి ఉండేదేమో. మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయం మళ్ళీ ఒకసారి చదవండి, పిండి తరిగిపోకపోవడం కన్నా ముందు జరిగినదాన్ని చూస్తూ.

ఈ విధవరాలి పేరెత్తినందుకే నజరేతులో యేసుకి ముప్పు వచ్చింది. ఇశ్రాయేలులో ఎందరో విధవరాళ్ళుండగా ఏలీయాని పంపింది సారెపతుకే అని ఆయన గుర్తుచేశాడు. సమాజమందిరంలో కూర్చున్న భక్తిపరులు మండిపడి లేచారు. వాళ్ళ ఊరు కట్టిన కొండ అంచుకే తీసుకెళ్ళి ఆయన్ని తోసేయబోయారు. దేవుని మనిషి పరాయివాళ్ళింట తిని బతికాడన్న మాట అంత మంట పుట్టించింది.

మనకైనా అది చల్లని మాట కాదు. ఎవరి చేతి నీళ్ళు తాగొచ్చు, ఎవరివి తాగకూడదు అనే లెక్క మీద ఈ దేశం వందల ఏళ్ళు నడిచింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగడం ఒక ఉద్యమమైంది. టీ హోటళ్ళలో రెండు రకాల గ్లాసులు పెట్టిన ఊళ్ళు మన దగ్గరా ఉన్నాయి. ప్రేమవిందులో ఎవరు వండారని నెమ్మదిగా వాకబు చేసే విశ్వాసులు లేరని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా? అందుకే, “నా దగ్గరున్నాయండీ” అని పిల్ల బాటిల్ ఎత్తి చూపిస్తే, పిల్ల అన్నది ఒకటి, ఆ గుమ్మానికి వినబడింది ఇంకొకటి. పిల్ల మనసులో క్రిములు తప్ప ఏమీ లేవు. మామ్మగారు మాత్రం అంతకుముందు చాలా చోట్ల అలాంటి ‘వద్దండీ’లు విని ఉంటుంది. సుఖారు బావి దగ్గర సమరయ స్త్రీ ఆశ్చర్యపోయిందీ ఇందుకే. యేసు బోధ ఇంకా మొదలే కాలేదు, ఆమె చేతి నీళ్ళు అడిగాడు, అంతే.

ఆరోగ్యం మాట వదిలేయమని కాదు. కడుపు సున్నితమైన పిల్లలు టీ అడగొచ్చు, అది ఎలాగూ మరిగిందే. “కాస్త టీ పెడతారా పిన్నీ” అంటే సంతోషించని ఇల్లు కృష్ణా జిల్లాలో నాకు తగల్లేదు.

ఇలా పరాయి గుమ్మంలో అతిథిగా కూర్చున్న ఇంకో మనిషి డీట్రిచ్ బోన్‌హోఫర్. ఆ పేరు మనలో చాలామంది విన్నదే. హిట్లర్‌ని ఎదిరించి 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కిన జర్మన్ పాస్టరుగా మనకి తెలుసు. అంతకు పదిహేనేళ్ళ ముందు ఆయన న్యూయార్క్‌లో విద్యార్థి. 1930లో యూనియన్ సెమినరీకి వచ్చేనాటికి 24 ఏళ్ళు, డాక్టరేట్ చేతిలో ఉంది, బెర్లిన్‌లో పేరున్న కుటుంబం. అక్కడి పెద్ద చర్చీల ప్రసంగాలు ఆయనకి చప్పగా తోచాయి. తోటి విద్యార్థి ఫ్రాంక్ ఫిషర్ అనే నల్లజాతి యువకుడు ఆయన్ని హార్లెమ్‌కి తీసుకెళ్ళాడు. సెమినరీకి దగ్గర్లోనే ఉన్నా అది వేరే లోకం. అక్కడి అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో ఆడమ్ క్లేటన్ పావెల్ ప్రసంగాలు విన్నాడు, సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పాడు, ఇళ్ళకి వెళ్ళి కూర్చున్నాడు. సాయం చేశాననే లెక్క కన్నా తాను పుచ్చుకున్న లెక్కే ఆయన దగ్గర పెద్దది. వాళ్ళ ఆత్మీయ గీతాల గ్రామఫోను రికార్డులు కొని జర్మనీకి మోసుకెళ్ళాడు. తర్వాత ఫింకెన్‌వాల్డేలో పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళకి వాటిని వినిపించాడు. నల్లవాళ్ళని రైలుపెట్టెల్లో, హోటళ్ళలో వేరుచేసే అమెరికా ఎలా ఉంటుందో స్నేహితుడి పక్కన నడిచి చూసిన మనిషికి, సొంత దేశంలో యూదుల్ని వేరుచేయడం మొదలైనప్పుడు అది ఏమిటో ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

తిరిగి వెళ్ళాక 1931 చివర్లో బెర్లిన్‌లో ఒక కార్మిక వాడలోని జియోన్ చర్చిలో అల్లరి కుర్రాళ్ళ క్లాసు ఒకటి ఆయనకి అప్పజెప్పారు. యాభైమంది దాకా ఉంటారు. మొదటి రోజు మేడమెట్ల మీంచి ఆయన నెత్తిన చెత్త వేశారని చెబుతారు. ఆయన చేసిన పని, ఆ వాడలోనే గది అద్దెకి తీసుకుని మకాం పెట్టడం. సాయంత్రాలు తలుపు తీసే ఉంచేవాడు. కుర్రాళ్ళు వచ్చి చదరంగం ఆడేవారు, కలిసి తినేవారు. వాళ్ళ ఇళ్ళకి తాను వెళ్ళేవాడు, చాలా ఇళ్ళలో ఏం మాట్లాడాలో తెలియక తడబడ్డానని స్నేహితుడికి రాసుకున్నాడు కూడా. అంత చదువూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. హార్లెమ్‌లో అతిథిగా కూర్చోవడం నేర్చుకున్నవాడు కాబట్టి ఇక్కడ తడబడి కూడా వెళ్ళడం మానలేదని నేను అనుకుంటాను.

పుచ్చుకోవడంలోనూ పాపం ఉంది, అది కూడా చెప్పుకోవాలి. దైవసేవకులొచ్చారని అప్పు తెచ్చి కోడిని కోసే ఇళ్ళు మనందరికీ తెలుసు. అది తెలిసీ తెలియనట్టు రెండోసారి వడ్డించుకునే సేవకులూ తెలుసు. తొలి సంఘానికి ఈ బాధ ఎంత త్వరగా మొదలైందో! డిడాకే అనే ప్రాచీన క్రైస్తవ గ్రంథంలో దీనికి ఒక నిబంధనే ఉంది. ఊరికొచ్చిన అపొస్తలుడు ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడో రోజూ కదలకపోతే అతను అబద్ధ ప్రవక్త. డబ్బు అడిగినా అంతే. ఇచ్చింది తాగమన్నాడు ప్రభువు. ఇది కావాలి, అది కావాలి అనమని చెప్పలేదు. గ్లాసుడు నీళ్ళకీ కోడికూరకీ మధ్య ఎక్కడ ఆగాలో మెట్లెక్కిన పిల్లలకి తెలుస్తుంది, ఇంట్లో బియ్యం డబ్బా ఎంత నిండుగా ఉందో గుమ్మంలో కూర్చుంటే కనబడుతుంది గనక.

డెబ్బైమందీ తిరిగొచ్చి రిపోర్టు ఇచ్చారు. లూకా పదిహేడో వచనంలో ఉంది. దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయి ప్రభువా అన్నారు, సంతోషంతో. ఏ ఊళ్ళో ఎవరు తలుపు తీశారో, ఎవరు రొట్టె కాల్చారో, ఎవరి చాప మీద పడుకున్నారో ఒక్క ముక్క లేదు. యేసు ఆ రిపోర్టుని మురిసిపోతూ మెచ్చుకోలేదు. సంతోషించాల్సింది దానికి కాదని, పరలోకంలో పేర్లు రాసి ఉండటానికని చెప్పాడు. నీళ్ళిచ్చిన ఇళ్ళవాళ్ళ పేర్ల మాటేమిటి? దానికి జవాబు మత్తయిలోని ఆ చివరి వచనమే అనిపిస్తుంది నాకు. శిష్యులు రాసుకోనివి ఆయన రాసుకున్నాడు.

మా క్వయర్ అమ్మాయి లాగ్‌బుక్‌లో ఆ రోజు గడి ఎలా నింపాలో తెలియక అడిగింది. చేసిన పని: పై వరస ఇంట్లో మంచినీళ్ళు తాగాను. ఇలా రాస్తే మేడమ్ సంతకం పెడతారా అని ఆమె అనుమానం. పెడతారో లేదో గానీ, అలాగే రాయమన్నాం. ప్రాజెక్టుకి ముందు అనుకున్న అంశం డిజిటల్ చెల్లింపుల మీద అవగాహన. అది పక్కనపెట్టి, పై వరసల్లో ఏ ఇంటికి ఎన్ని బిందెలు, ఎవరు మోస్తున్నారు, ఏ వేళకి అని రాసుకోవడం మొదలుపెట్టింది. బీకాం పిల్ల కదా, లెక్కలు శుభ్రంగా వేస్తుంది. ఆ కాగితం మున్సిపల్ ఆఫీసుకి ఇవ్వాలని ఉంది. ఇస్తే ఏమవుతుందో చూడాలి. ఈలోగా శనివారాలు వెళ్ళినప్పుడు మనవరాలితో పాటు ఒక బిందె తానూ ఎత్తుకుంటోంది. సగం మెట్లకే ఆగిపోయిందట. మనవరాలు నవ్విందట.

ప్రార్థన

ప్రభువా, బావి దగ్గర నీళ్ళడిగినవాడివి నీవు. ఈ రోజు తెలియని పేటల్లో మెట్లెక్కే పిల్లల్ని కాపాడు, వాళ్ళకి దాహం వేయనీ. వాళ్ళ ఫారాల్లో పట్టని మాటలు వినడానికి తీరిక ఇవ్వు. వెళ్ళిన ఇళ్ళలో మా కన్నా ముందు వాళ్ళు మాట్లాడేలా మా నోళ్ళకి కాస్త అడ్డం పడు. మేం మర్చిపోయిన ఇళ్ళని నీవు మర్చిపోకు. మామ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గించు. కోడలి చెయ్యి అతకనీ. నీళ్ళు వదిలే అధికారులకి పై వరస దాకా ఎక్కించాలన్న మనసూ, అంత బలమున్న మోటారూ రెండూ దొరకనీ. ఆ చిన్నపిల్ల రేపు బడికి గంట కొట్టేలోపు చేరేలా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.